అప్పగింత సంతకం

"ఎక్కడ దించినావు, రవీ?"

రోడ్డుకు అడ్డంగా నిలబడి, పసుపు వ్యాను ముందుభాగం మీద రెండు చేతులూ ఆనించి అడిగింది కనక. ఊరి నుంచి రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు పరుగున దిగి వచ్చింది. ఊపిరి అందడం లేదు.

రవిబాబు స్టీరింగు వదల్లేదు. అద్దానికి 'ప్రత్యేక పిల్లల బడి బండి' అన్న కాగితం అంటించి ఉంది. లోపల పిల్లలు లేరు. మెడలకు మఫ్లర్లు చుట్టుకున్న టూరిస్టులు ఏడెనిమిది మంది కూర్చున్నారు.

"ఈ మలుపు కాడే దించీసినాను వదినా. రెండున్నరకి."

"మలుపు కాడా? ఇంటి కాడ కదా దించాల?"

"ఇయ్యాల ఒక్కపాలికే," అంటూ అతను అటూ ఇటూ చూశాడు. "అన్నయ్య నేడా?"

"మీ అన్నయ్య పొద్దున్నే కాఫీ పళ్లు తూకానికట్టుకుని కాటా కాడికెల్లినాడు. ఆయనెందుకుంటాడిక్కడ?"



వెన్నెలకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. దేని మీదికైనా మనసు పోయిందంటే వెనక్కి తిరిగి చూడదు. లారీ వెనకే వచ్చి హారన్ కొట్టినా పక్కకు జరగదు. అలాంటి పిల్లను ఈ ఘాట్ రోడ్డు మలుపులో వదిలేసి రెండు గంటలు దాటింది. ఇంటికి రాలేదు. మంచు తొందరగా దిగడంతో కాఫీ కోత ఆపేసి కనక నాలుగింటికే ఇల్లు చేరింది. రోజూ తను వచ్చేసరికి గడపలో కూర్చుని ఉండే పిల్ల ఈ రోజు లేదు.

"ఇంటి దారే పట్టింది వదినా. నా కళ్లతో సూసినాను."

"ఆ దారంటే కదా నానొచ్చినాను. ఆళ్లని దించీ. బండి తిప్పు. ఎతుకుదాం."

వెనక సీట్లోంచి ఒకాయన తల బయట పెట్టాడు. "ఏంటి బాబూ ఆపేశావ్? చీకటి పడితే వ్యూపాయింటులో ఏం కనబడుతుంది మాకు?"

అదే సమయానికి రవిబాబు ఫోను మోగింది. తెర మీద పేరు చూసి అతని ముఖం మారిపోయింది. "ఒచ్చీతన్నాను సార్. దారిలోనే ఉన్నాను సార్," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వదిన వైపు చూడకుండా గేరు వేశాడు.

"పావుగంటలో ఒచ్చీత్తాను వదినా. ఈళ్లని దించీసి ఒచ్చీత్తాను."

కనక పక్కకు జరగలేదు. అతను బండిని వెనక్కి లాగి, ఆమెను తప్పించి, ముందుకు పోనిచ్చాడు.

ఎర్రలైట్లు మంచులో కలిసిపోయేదాకా ఆమె చూస్తూ నిలబడింది. సొంత మరిది. తను పెళ్లయి వచ్చినప్పుడు పన్నెండేళ్ల వాడు. తన చేతి అన్నం తిని పెరిగిన వాడు.

* * *

రోడ్డు కిందివైపు కాలవలోకి దిగి చూసింది. మూసి ఉన్న టీ బడ్డీ వెనక చూసింది. పిలిచి లాభం లేదని తెలిసీ పిలిచింది. "వెన్నెలా" అని అరిచిన అరుపు తన చెవులకే వచ్చి తగిలింది.

గంగరాజు కాటా దగ్గర నుంచి వచ్చే షేరు ఆటోలోంచి, అది పూర్తిగా ఆగకముందే దూకాడు. అతని చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"మావా, వెన్నెల గుంట..."

"రవి ఫోను సేసినాడు," అన్నాడు.

ఎక్కడ దించాడని అడగలేదు. ఎంతసేపయిందని అడగలేదు. ఊరి దారి వైపు కన్నెత్తి చూడలేదు. రోడ్డు దాటి, వెదురు పొదల పక్కనుంచి దిగే సన్నటి కాలిబాటలో పడి పరిగెత్తాడు. ఆ బాట రైలు పట్టాల దగ్గరికి పోతుంది.

కనక అతని వెనకే పరిగెత్తింది. సగం దిగేసరికి గూడ్సు బండి కూత వినిపించింది. మామూలు కూత కాదు. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా కొడుతూనే ఉన్నాడు డ్రైవరు. కనక చేతికి అందిన కొమ్మను పట్టుకుని నిలబడిపోయింది. కూత ఆగింది. ఇనుపరాయి నింపుకున్న పెట్టెలు ఒకటొకటిగా, ఒకటొకటిగా పోతూనే ఉన్నాయి. అవి అయిపోయేదాకా ఆమె కళ్లు తెరవలేదు.

తెరిచేసరికి పట్టాలకు అవతల నారింజరంగు కోటు వేసుకున్న ముసలాయన ఒకడు కంకర మీద చతికిలబడి ఉన్నాడు. పట్టాలు చూసే గ్యాంగ్‌మేన్ బుధు. అతని రెండు చేతుల మధ్యా వెన్నెల ఉంది. విడిపించుకోడానికి పెనుగులాడుతోంది.

గంగరాజు పిల్లను లాక్కుని గుండెకు అదుముకున్నాడు. నోరు తెరిచాడు గానీ ఏడుపు కూడా రాలేదు.

"మీ పాపేనా?" అన్నాడు బుధు. "బండి ఒత్తాంది. హారను మీద హారను కొడతన్నాడు. ఈ పాప కదల్దు. రెండు సేతులూ పట్టా మీద పెట్టీసి కూకుంది. నవ్వుతాంది బాబూ. నాను లాగీసరికి బండి ఇదిగో, ఇంత దూరం." చెయ్యి చాపి చూపించబోయి మధ్యలోనే దించేశాడు. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఇలాటిది సూడనేదు."

కనక పిల్ల చేతులు పట్టుకుని చూసింది. అరచేతులు నల్లగా, తుప్పూ గ్రీజూ అంటుకుని ఉన్నాయి. వెన్నెల ఆ చేతులు విడిపించుకుని తల్లి చెంపల మీద ఆనించింది. ఒళ్లంతా వణికించి చూపించింది. పట్టాలు ఇలా వణికాయి అమ్మా, అని చెప్పడం అది. పిల్ల ముఖం వెలిగిపోతోంది.

* * *

దీపాలు పెట్టే వేళకు రవిబాబు ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు.

పొయ్యి మీద చోడిపిండి అంబలి ఉడుకుతోంది. వెన్నెల తండ్రి ఒళ్లో నిద్రపోయింది. ఎవరూ అతన్ని లోపలికి రమ్మనలేదు.

"బాగుందా పాప?"

కనక గరిటె తిప్పుతూనే అంది. "బాగుంది. నీ టూరిస్టులు బాగున్నారా? వ్యూపాయింటు సూసినారా?"

"వదినా, నా మాటిను..."

"సెప్పు. ఇంతాను. బడి మూడున్నరకి కదా వొదుల్తారు. రెండున్నరకి మలుపు కాడికెలాగొచ్చింది గుంట?"

రవిబాబు తలవంచుకున్నాడు. "మూడింటికల్లా బండి కాళీగా ఉండాలన్నాడు ఓనరు. సీజను కదా. టూరిస్టులకి బళ్లు సాలట్లేదు. అందుకే పిల్లల్ని రెండింటికే ఎక్కించుకుంటన్నాను. ఊళ్లలోకెల్తే ఆలస్యం అయిపోతాదనీసి..."

"మీ ఓనరు జగన్నాథరావుగారు సెప్తే సేసీడమేనా? ఆయన మనవరాలినయితే మలుపు కాడ దించీసేవాడివా?"

"కనకా," అన్నాడు గంగరాజు నెమ్మదిగా. "పిల్ల దొరికింది కదా."

"దొరికింది. నువ్వు నానూ దొరికించుకున్నామా? ఆ ముసలాయన దొరికించినాడు." ఆమె గరిటె పక్కన పెట్టింది. "రేపు టీచరమ్మకి సెప్పీత్తాను. కాగితం మీద రాసిచ్చీత్తాను."

"వొద్దు."

"ఏటి?"

"రాయొద్దు. ఆడి లైసెన్సు పోతాది. పోలీసులొత్తారు. బండి ఆపీసినారంటే మిగతా పిల్లలు బడికెలా ఎల్తారు? ఇంటి మాట, ఇంట్లో తేల్సుకుందాం."

"ఇంట్లోనా? పిల్ల ఇంట్లో తప్పిపోనాదా?"

 రవిబాబు అన్న వైపు చూశాడు. అన్న చూపు తిప్పుకున్నాడు. ఆ చూపూ, తిప్పుకోవడమూ రెండూ కనక చూసింది.

అంబలి పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది. ఎవరూ కదల్లేదు.

"మావా, ఒకటడుగుతాను," అంది కనక. "నువ్వు ఆటో దిగీ దిగగానే తిన్నగా పట్టాల కాడికి పరిగెట్టినావు. గుంట అక్కడుంటాదని నీకెలాగ తెల్సింది?"

గంగరాజు ఒళ్లో పిల్ల తలను సర్దాడు. సర్దిన తలనే మళ్లీ సర్దాడు.

"మనసుకి అలాగ తోసింది," అన్నాడు.

* * *

మర్నాడు వ్యాను రాకముందే కనక పిల్లను తీసుకుని షేరు ఆటోలో అరకు వెళ్లిపోయింది. బడి అంటే రెండు గదులు, ఒక వరండా. వరండాకు ఒక పక్క చక్రాల కుర్చీలు ఎక్కడానికి వాలుగా సిమెంటు చేశారు. టీచరు కృపావతి అప్పుడే తాళం తీస్తోంది. ఆమెది విజయనగరం. ఆరేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది.

వెన్నెలకు నమస్కారం పెట్టడం, పేరు రాయడం, దాహమైతే చేత్తో చెప్పడం నేర్పింది ఆమే. అంతకుముందు ఆ పిల్ల ఆకలేసినా గోడకు తల కొట్టుకునేది.

జరిగినదంతా విని కృపావతి తాళం చెవి బల్ల మీద పెట్టింది.

"మధ్యాహ్నం భోజనాలవగానే పిల్లల్ని తీసుకుపోతున్నాడు, ఎందుకని అడిగితే, మంచు వల్ల ఘాట్‌లో ఇబ్బంది, బేగి బయల్దేరాలి అన్నాడు. నమ్మాను. నా తప్పు కూడా ఉంది కనకా," అంది. బీరువా తీసి ఒక పొడుగు పుస్తకం తెచ్చింది. "కానీ నువ్వు చెప్పేదానికీ దీనికీ పొంతన కుదరడం లేదు."

అది అప్పగింత పుస్తకం. రోజూ వ్యానులో పిల్లలతో పాటే వెళ్లి, సాయంత్రం బడికి తిరిగి వస్తుంది. పిల్ల పేరు, దించిన చోటు, దించిన టైము, తీసుకున్నవాళ్ల సంతకం. కనక ఎనిమిదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుకుంది.

వెన్నెల. ఇంటి దగ్గర. నాలుగు గంటలు. గంగరాజు.

ముందు రోజు కూడా అదే. అంతకుముందు రోజూ అదే. పేజీ తిప్పింది. ఇరవై ఆరు రోజులు. భర్త చేతిరాత ఆమెకు తెలియనిది కాదు. అతను 'జు' కొమ్మును ఎప్పుడూ కింది గీత దాటించి రాస్తాడు.

నిన్నటి తేదీ దగ్గర కూడా సంతకం ఉంది. పిల్ల పట్టాల మీద కూర్చుని ఉన్న రోజున, నాలుగింటికి ఇంటి దగ్గర పిల్లను అప్పగించుకున్నట్టు.

"వారానికి సరిపడా ఒకేసారి పెట్టేస్తున్నట్టున్నారు," అంది కృపావతి మెల్లగా. "రేపటి గడీలో కూడా ఉంది చూడు."

కనక పుస్తకం మూసింది. మళ్లీ తెరిచింది. గడపలో కూర్చుని ఎదురు చూసే పిల్లను ఇన్ని సాయంత్రాలు ఎత్తుకుంది తను. బండి గుమ్మం దాకా వచ్చి దించుతోందని నమ్మింది. ఆ మలుపు నుంచి ఇంటి దాకా పిల్లను నడిపించుకొస్తున్నది ఎవరో ఇప్పుడు తెలిసింది. నిన్న కాటా దగ్గర వరస తెమలక ఎవరు రాలేకపోయారో కూడా తెలిసింది.

"కాగితం ఇయ్యండి టీచరమ్మా."

"ఇస్తాను. కానీ ముందే చెప్పాలి. నేనిది పైకి పంపిస్తే ఎంక్వయిరీ అయ్యేదాకా బండి ఆపేస్తారు. ఇంకో బండి వెంటనే వస్తుందని నేను మాట ఇవ్వలేను. పోయినేడు ఇలాగే ఆగితే నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ముగ్గురు పిల్లలు మళ్లీ రానేలేదు."

"అయితే రాయొద్దా?"

"రాయొద్దని నేనలేదు."

వరండాలో అడుగుల చప్పుడైంది. నీలవేణి. అదే బండిలో బడికొచ్చే పన్నెండేళ్ల కూతురు మాధవిని వీపున మోసుకుని వచ్చింది. ఆ పిల్లకు నడుము కింద పట్టు లేదు. కనక కాగితం రాయడానికే బడికి వెళ్లిందని రవిబాబు దారిలో చెప్పాడేమో, నీలవేణి విషయం తెలిసే వచ్చింది. కూతుర్ని చాప మీద దించి, రొప్పుతూ గుమ్మానికి ఆనుకుంది.

"కనకా, నీ కడుపు కోత నాకు తెల్దనుకోకు. అయినా అడగతన్నాను. రాయకమ్మా. ఈ బండి పోతే మా గుంట ఇంట్లో మంచానికంటుకుపోతాది. ఇది ఎదుగుతాంది. నాను మొయ్యలేను."

"ఇప్పుడెక్కణ్ణుంచి మోసుకొచ్చినావు?"

"బండి గేటు కాణ్ణుంచే."

"అది కాదక్కా. సాయంత్రం. మీ పాపని ఎక్కడ దించుతన్నాడు?"

నీలవేణి కొంగుతో కూతురి ముఖం తుడిచింది. తుడవడానికేమీ లేదు.

"కల్వర్టు కాడ," అంది చివరికి. "అక్కణ్ణుంచి గెడ్డ నీళ్లు దాటి మోసుకెల్తాను. రెండుపాల్లు పడిపోనాము. సంతకం ఇంటి కాడనే పెడతన్నాను. నాకొక్కదానికే అలాగ సేత్తన్నాడేమో, మా ఊరి దారి బాగోదు కదా, అడిగితే బండే మానీత్తాడేమోననీసి..."

కృపావతి పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. పదకొండు పేర్లు. పదకొండు గడుల్లో 'ఇంటి దగ్గర'. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

కనక రాయడం మొదలుపెట్టింది.

ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా రాసింది. రాస్తుండగానే బయట గేటు దగ్గర అప్పటిదాకా తిరుగుతున్న వ్యాను ఇంజను ఆగింది. మిగతా పిల్లల్ని దించి లోపలికి పంపించి, రవిబాబూ అతని వెనక గంగరాజూ వరండా ఎక్కారు. గంగరాజు రాత్రంతా నిద్రపోని కళ్లతో ఉన్నాడు. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం చూశాడు. తన పేరు చూసుకున్నాడు.

 పక్క గదిలో పిల్లలెవరో గిన్నె మీద చెంచాతో కొడుతున్నారు.

"ఆడి పేరు రాసినావా?" అన్నాడు గంగరాజు.

"రాసినాను. ఓనరు పేరూ రాసినాను." కనక కలం ఆపలేదు. "నీ పేరూ రాసినాను."

అతను గోడ పక్కనున్న చిన్న పిల్లల బల్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

"రవి అడిగినాడు. తమ్ముడు కదా అనీసి ఒప్పుకున్నాను," అన్నాడు నేలను చూస్తూ. "నీకు సెప్తే గొడవవుద్దనీసి సెప్పనేదు. రోజూ మలుపు కాడ దీన్నందుకునీవోణ్ణి. ఇంటికెల్లీ ముందు కిందికి దిగి పట్టాల కాడ ఆగీవోళ్లం. బండొచ్చీ ముందు దీని సెయ్యి పట్టా మీద పెట్టీవోణ్ణి. అది వణికితే దీనికి తెలిసీది. నవ్వీది. తొమ్మిదేళ్లలో నానేటి సెప్పినా దీనికినపడనేదు కనకా. అదొక్కటే ఇనపడింది."

కనక కలం ఆగింది.

"బండొచ్చీ ముందు సెయ్యి తీసీడం నేర్పినావా?" అంది.

గంగరాజు తన అరచేతుల్ని చూసుకున్నాడు.

రవిబాబు రెండడుగులు ముందుకు వచ్చాడు. జేబులోంచి ఫోను తీశాడు. బడి బల్ల మీద పెట్టి, ఓనరు పంపిన వాయిస్ మెసేజి నొక్కాడు. జగన్నాథరావు గొంతు గదిలోకి వచ్చింది. తీరికగా, టీ తాగుతూ మాట్లాడుతున్నట్టు ఉంది.

"మూడింటికల్లా బండి నా లాడ్జి ముందుండాల్రా. పిల్లల్ని ఎక్కడ దించుతావో నాకు చెప్పకు. నాకు తెలియనక్కర్లేదు. పుస్తకంలో మాత్రం సంతకాలు సరిగ్గా ఉండాలి."

కృపావతి సగం లేచి నిలబడింది. "ఇది నాకు పంపించు రవిబాబూ. ఈ ఒక్కటి ఉంటే బండి ఆపక్కర్లేదు, ఓనర్నే మార్చమని అడగొచ్చు."

"పంపిత్తాను." రవిబాబు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వదిన వైపు తిరిగాడు. "నా మీద ఏటి రాసినా ఒప్పుకుంటాను వదినా. జైలుకెల్లమన్నా ఎల్తాను. అన్నయ్య పేరు కొట్టీ. దొంగ సంతకం పెట్టినాడనీసి ఆయన మీద కేసు పడకూడదు. నువ్వు పేరు కొట్టీ, నాను ఇది పంపిత్తాను. కొట్టనంటావా, దీన్ని ఫోన్లోంచి తీసీత్తాను."

"బెదిరిత్తన్నావా?"

"బతిమాల్తన్నాను."

నీలవేణి కనక భుజం మీద చెయ్యి వేసింది. ఆ వేళ్లు బిగుసుకున్నాయి. ఒక్క గీత. ఒక్క పేరు మీద ఒక్క గీత గీస్తే పదకొండు మంది పిల్లలకు బండి నిలబడుతుంది.

కనక కాగితం చూసింది. నాలుగో వరసలో ఉంది భర్త పేరు. ఆ పేరు కొట్టేస్తే పుస్తకంలో ఉన్న ఇరవై ఆరు సంతకాలు ఎవరివని అడిగితే ఏం చెప్పాలి? మళ్లీ ఒక అబద్ధం. దాని కింద మళ్లీ ఒక సంతకం.

ఆమె కలం కాగితం మీద పెట్టి, భర్త ముందుకు జరిపింది.

"నీ పేరు మావా. నువ్వు సెప్పు. కొట్టీమంటావా?"

గంగరాజు కలం అందుకున్నాడు. వేళ్ల మధ్య తిప్పాడు. తన పేరు మీదికి దాని మొన తెచ్చి, అక్కడే ఆగాడు. తమ్ముడు ఊపిరి బిగబట్టడం అందరికీ వినిపించింది.

అతను కలం కిందికి జరిపి, భార్య సంతకం పక్కన తన సంతకం చేశాడు.

"ఉంచీ," అన్నాడు. తమ్ముడి ముఖంలోకి చూశాడు. "నా కోసం సెయ్యకు రవీ. పంపిత్తే పిల్లల కోసం పంపు. నేదంటే తీసీ."

కృపావతి తన ఫోను తెరిచి బల్ల మీద పెట్టింది. రవిబాబు కదల్లేదు. జగన్నాథరావు మాటలున్న ఆ చోటు మీదే అతని బొటనవేలు ఉంది. కింద రెండే గుర్తులు. ఒకటి పంపడానికి, ఒకటి చెరిపెయ్యడానికి.